సముద్రం ఎడమ పక్కన

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కావలిలో మా వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కుట్టమని నాకు జాకెట్టు గుడ్డ ఇచ్చి, మూడుసార్లు కొలతలు మార్చి, నాలుగోసారి మెడ లోతు తగ్గించమన్న పంతులమ్మకు నేనేం చెప్పానో అది కూడా చెబుతారు. అలాంటి నేను ఎనిమిది నెలలపాటు మా ఆయన మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెంచాలనిపించక కాదు, భయమేసి.

మా ఆయన పేరు పెంచలకృష్ణ. ఇరవై నాలుగేళ్ళు బస్సు తోలాడు, ఎక్కువగా కావలి నుంచి ఉదయగిరి రూటు. నా మొగుడని చెప్పడం కాదు గాని, అంత నెమ్మదిగా, అంత కచ్చితంగా బండి నడిపే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో ఆయన ఒంటికి తెలుసు. చంటిబిడ్డతో ఎవరన్నా ఎక్కితే, ఆ తల్లి కూర్చుని బిడ్డ తల సర్దుకునేదాకా బస్సు కదలదు. ఆయన బస్సులో జనం హాయిగా నిద్రపోయేవాళ్ళు. దిగాల్సిన ఊరు దాటిపోయాక లేచి కండక్టరు నరసయ్య మీద విరుచుకుపడేవాళ్ళు. నరసయ్య ఒకసారి ఇంటికొచ్చి మరీ మొరపెట్టుకున్నాడు. "వదినా, అన్న రోంత కుదుపన్నా పెడితే గదా నాకు తిట్లు తప్పేది!"

పోయిన జూలైలో ఒకరోజు, గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఎడమ పక్క నుంచి రోడ్డు మీదికొచ్చాడు. బస్సు ఎప్పటిలాగే ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముసలాయన దణ్ణం పెట్టి పోయాడు. కానీ ఆ మనిషి తనకు కనపడింది సరిగ్గా బస్సు ముందుకొచ్చాకేనని మా ఆయనకొక్కడికే తెలుసు. మర్నాడు ఎవరూ అడగకముందే డిపోకి పోయి, నా కళ్ళు పరీక్ష చేయించండని తనే అడిగాడు. నీటికాసులన్నారు డాక్టర్లు. ఎదురుగా ఉన్నదంతా కనపడుతుంది, ఎడమ చేతి పక్కనున్నది మాత్రం కనపడదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఆ వారమే స్టీరింగు దగ్గర నుంచి తీసేసి డిపో గేటు దగ్గర కుర్చీ వేశారు.

తనంతట తను పోయి చెప్పుకున్నాడని నాకు మొదట ఒళ్ళు మండింది. ఇంకో పదేళ్ళు ఎవరికీ తెలిసేది కాదు కదా అనుకున్నాను. ఆ రాత్రి అన్నం పెడుతూ ఆయన మొహం చూశాక సిగ్గేసింది. యాభైమందిని వెనక కూర్చోబెట్టుకుని, నాకన్నీ కనపడుతున్నాయని దబాయించే మనిషైతే నేను ఇన్నేళ్ళు ఇంత గర్వంగా కాపురం చేసేదాన్నా?

అసలు బాధ ఉద్యోగం మారడం కాదు. చక్రమున్న ప్రతిదాన్నీ ఆయన వదిలేశాడు. స్కూటరు నాకిచ్చేశాడు. డిపోకి నడిచిపోయేవాడు. తోపుడు బండి ఎదురొచ్చినా రోడ్డు దిగి నిలబడేవాడు. "నా వల్ల ఎవురికన్నా దెబ్బ తగిల్తే నేను బతకలేను శేషా. ఇంక నా చేతికి హ్యాండిలొద్దు" అన్నాడు. ఆదిశేషమ్మ అనే నా పేరును ఆయన అలాగే పిలుస్తాడు. ఆ మాట తర్వాత ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. నేను కూడా మెత్తబడిపోయాను. తడి తువ్వాలు మంచం మీద పడేసినా, "పర్వాలేదులే అయ్యా" అనేదాన్ని. నా నోటి నుంచి ఆ మాటా అని మా పక్కింటి రెబెక్కమ్మ ముక్కున వేలేసుకుంది.

మాకు వెన్నెల ఒక్కతే కూతురు, తడ దగ్గర కంపెనీలో పని చేస్తుంది. అక్కడ ఉద్యోగాలు మాని పోతున్న స్నేహితుల దగ్గర రెండు సైకిళ్ళు తీసుకుని వ్యానులో వేసి పంపింది. మౌంటెన్ బైకులట. లావు టైర్లు, బోలెడు గేర్లు. క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు.

"కొండలెక్కే సైకిళ్ళమ్మా. ఇసకలో గూడా పోతాయి" అంది ఫోనులో. "నాయన్ని తీసుకోని సముద్రం ఒడ్డున తిరిగిరా. తొందరేం లేకుండా, ఒకరోజంతా హాయిగా."

"ఆయన రావాల గదమ్మా" అన్నాను.

వారం రోజులు ఆయన వాటి వంక చూడనే లేదు. ఎనిమిదో రోజు దాటిపోతూ పోతూ టైరు బొటనవేలితో నొక్కి చూశాడు. పదో రోజు చైనుకు నూనె పెట్టాడు. నేను తల ఎత్తకుండా హుక్కులు కుట్టుకుంటున్నాను. తల ఎత్తితే మానేస్తాడేమోనని భయం.

"శేషా, ఎవురూ అడ్డం రాని దారి యాడన్నా ఉండాదా?" అన్నాడు, చైను వంకే చూస్తూ.

"సముద్రం ఒడ్డు" అన్నాను, సూది వేలికి గుచ్చుకున్నా పట్టించుకోకుండా.

ఆయన లోపలికి పోయి పాత క్యాలెండరు కాగితం చింపుకొచ్చి, వెనక వైపు పెన్నుతో నిలువుగా ఒక గీత గీశాడు. గీతకు ఒక పక్క అలలు వేశాడు.

"చూడు. తుమ్మలపెంట కాడ దిగి దక్షిణంగా పోతాం. అట్ట పోతే సముద్రం నాకు ఎడం పక్క వస్తాది. నాకు కనపడంది ఆ పక్కే గదా? సముద్రంలోంచి ఎవురొస్తారు మనకడ్డం? కుడి పక్క నేల. మనుషులైనా, కుక్కలైనా ఆ పక్కనించే రావాల. అది నాకు బాగా కనపడతాది."

నేను కుట్టు పక్కన పెట్టి ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఎనిమిది నెలలుగా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఏమీ ఆలోచించడం లేదనుకున్న మనిషి, తనకున్న లోటును ఎక్కడ పెడితే ఎవరికీ తగలదో అంత చక్కగా లెక్కగట్టుకున్నాడు! దాన్ని తీసుకుపోయి సముద్రం పక్కన పెట్టేశాడు. మేమిద్దరం వరి పొలాల ఊళ్ళలో పుట్టినవాళ్ళం. అడ్డం వచ్చేదంటే మాకు గేదె, ట్రాక్టరు, గడ్డిమోపు. ఇవేవీ నీళ్ళలోంచి రావు. భేషైన లెక్క అనిపించింది నాకు.

"మరి వచ్చేటప్పుడో?" అన్నాను.

"వచ్చేటప్పుడు సముద్రం కుడి పక్కకు పోతాది. అది పనికిరాదు. పోను మాత్రమే సైకిలు. రాను మన వీధి గంగులయ్య వ్యాను."

తర్వాత పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఈ ఒక్కసారే శేషా. నీ కోసం, బిడ్డ పంపించిందని వస్తాండా. యాడన్నా రోంత తేడా వచ్చినా, జన్మలో మళ్ళా హ్యాండిలు ముట్టుకోను. నువ్వు గూడా అడగబాక."

సరేనన్నాను. నా గుండెలో రాయి పడింది. ఈ ఒక్క ప్రయాణం సవ్యంగా జరిగితే మనిషి మనిషిలా మిగులుతాడు. లేకపోతే ఆ కుర్చీలోనే ముసలివాడైపోతాడు.

ఇక ఆయన పథకం వేయడం చూడాలి! హాయిగా తిరిగి రమ్మంది మా అమ్మాయి. ఈయన టైంటేబులు రాశాడు. తుమ్మలపెంట నుంచి బయల్దేరడం ఆరూ పది. మొదటి పాళెం ఆరూ యాభై, హాల్టు అయిదు నిమిషాలు. సరివితోపు ఏడున్నర, టిఫిను ఇరవై నిమిషాలు. రెండో పాళెం ఎనిమిదిన్నర. అక్కడి నుంచి ఉప్పుటేరు దాకా గంట. మొత్తం పదిహేను కిలోమీటర్లు.

"నేను గవ్వలేరుకోవాలంటే?" అన్నాను.

గంభీరంగా ఆలోచించాడు. "రెండు రిక్వెస్టు స్టాపులు ఇస్తా. ఒక్కోటి మూడు నిమిషాలు."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెత నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కానీ లోపల ఎంత మురిసిపోయానో చెప్పలేను. రోజూ సాయంత్రం ఏదో పెద్ద పనున్నవాడిలా సైకిళ్ళ ముందు కూర్చునేవాడు. రెండు సైకిళ్ళకూ బెల్లులు బిగించాడు. తనదానికి ఎడమ పక్కన చిన్న అద్దం పెట్టాడు. అది చాలదని తీసేసి మళ్ళీ పెట్టాడు. ఇసుకలో టైరు మెత్తగా ఉండాలని ఎవరో చెబితే, గాలి తీసి, మా వీధి చివర ఇసుక కుప్ప మీద చేత్తో నెట్టుకుంటూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కి తొక్కడం మాత్రం తెల్లారుజామున, వీధిలో ఎవరూ లేవకముందు. నేను కిటికీలోంచి దొంగచాటుగా చూసేదాన్ని. మొదటి రోజు పది గజాలు. నాలుగో రోజు వీధి ఆ చివరిదాకా. వీపు నిటారుగా, తల కదలకుండా, అచ్చం స్టీరింగు ముందు కూర్చున్నట్టే తొక్కుతున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు భయం లేదు. చిన్నప్పుడు మా నాన్న సైకిలు అడ్డ తొక్కుడు తొక్కి మోకాళ్ళు పగలగొట్టుకున్నదాన్నే.

బుధవారం ఆయనకు సెలవు. మార్చి మొదటివారం. గంగులయ్య తన వ్యానులో మమ్మల్నీ సైకిళ్ళనూ తుమ్మలపెంటలో దించి, "పదిన్నరకి ఉప్పుటేరు కాడుంటా అన్నా" అని వెళ్ళిపోయాడు. సంచిలో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, ఆయన చుక్కల మందు ఉన్నాయి.

"నువ్వు ముందు పో శేషా, నాకు ఎదురుగా కనపడేట్టు. నేను ఎనక వస్తా" అన్నాడు.

ఆరూ పదికి బయల్దేరాం. ఆరూ పదకొండు కాదు.

అబ్బ, ఆ పొద్దు! నీళ్ళు తాకి వెనక్కి పోయిన ఇసుక గట్టిగా, నున్నగా ఉంది. లావు టైర్లు సర్రున పోతున్నాయి. ఎడమ పక్క సముద్రం, సరిగ్గా ఆయన కాగితంలో గీసిన చోటే. వెనక నుంచి ఆయన బెల్లు అప్పుడప్పుడూ రెండుసార్లు మోగేది, వస్తున్నానని చెప్పడానికి. మొదటి పాళెం ఆరూ నలభై ఎనిమిదికే చేరాం. రెండు నిమిషాలు ముందొచ్చామని మూతి ముడిచి, ఆ రెండు నిమిషాలూ అక్కడే నిలబెట్టాడు! సరివితోపులో పెరుగన్నం తిన్నాం. నా రిక్వెస్టు స్టాపులు రెండూ వాడేసుకున్నాను. మూడోది అడిగితే వాచీ చూసుకుని, "సరే, పో. ఈరోజుకి లేటైనా పర్వాలా" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఈ మనిషిని చేసుకున్నందుకు నేను ఏ జన్మలోనో ఏదో మంచి పనే చేసి ఉంటాననిపించింది.

తోపు దాటేసరికి దక్షిణపు గాలి మొదలైంది. ఎదురుగాలి. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడదు. ఆయన బెల్లు కూడా వినపడడం లేదు.

రెండో పాళెం వచ్చింది. ఒడ్డు మీద కాస్త ఎగువన పడవలు వరుసగా లాగిపెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఇసుక గట్టు మీద ఆడవాళ్ళు గిన్నెలు, గంపలు పెట్టుకుని కూర్చున్నారు. పడవలకు వెనక మెత్తటి ఇసుక దారి ఉంది. ముందు, నీళ్ళంచున, తడి ఇసుక సిమెంటు రోడ్డులా ఉంది. నేను నీళ్ళంచునే పోయాను. బుద్ధున్న వాళ్ళెవరైనా గట్టి నేల మీదే కదా పోయేది అనుకున్నాను. ఎర్రటి చిన్న చిన్న ఎండ్రకాయలు గుంపులుగా ఉరికి బొరియల్లో దూరుతున్నాయి. వాటిని చూస్తూ, నాలో నేను నవ్వుకుంటూ తొక్కుతున్నాను.

ఉన్నట్టుండి కుడి పక్క నుంచి దూసుకొచ్చాడు ఆయన. నన్ను దాటి, సైకిలు అడ్డంగా తిప్పి నా ముందు నిలిపేశాడు. బ్రేకు పట్టేలోపలే నా చక్రం పోయి ఆయన చక్రానికి కొట్టుకుంది. ఇద్దరం కుప్పలా పడ్డాం. నా మోచెయ్యి చీరుకుపోయింది.

"కళ్ళు కనపడవా నీకు?" అని అరిచాను.

అరిచేశాను. ఎనిమిది నెలలు పళ్ళ బిగువున ఆపుకున్న మాట. ఇంట్లో టీవీలో ఎవరన్నా అన్నా ఛానలు మార్చేసిన మాట. నా పాపిష్టి నోట్లోంచి, ఆయన మొహం మీదే వచ్చేసింది. నాలుక కోసేసుకోవాలనిపించింది.

ఆయన బదులు చెప్పేలోపల, మాకు నాలుగు బారల ముందు, నేను పోబోతున్న ఆ తడి ఇసుక మీదికి ఒక పడవ అల నెత్తినెక్కి వచ్చి పడింది. మోటారు కీచుమంది. వెనకున్న మనిషి దాన్ని ఎత్తేశాడు. పడవ ఆ విసురుకే ఒడ్డు మీద తన పొడవంతా జారి ఆగింది. నీళ్ళు మా మొహాల మీద పడ్డాయి.

సముద్రంలోంచి ఎవరూ రారనుకున్నాం మేం, ఇద్దరం కూర్చుని లెక్కగట్టి మరీ.

పడవలోంచి ఒక నడివయసు మనిషి దూకాడు. చిన్నపోలయ్య అంటారని తర్వాత తెలిసింది. "పడవలొచ్చే యేళ నీళ్ళంచున ఎవురన్నా పోతారా? పడవల ఎనకమాలగా పోవాల! అలెక్కినాక నేను ఆపమంటే ఆగుతాదా అది?" అని కేకలేశాడు.

గట్టు మీది ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరిలో పెద్దామె, కామమ్మట, నన్ను లేపి ఇసుక దులిపింది. "నీ మొగుడి కళ్ళు సల్లగుండ! ఎంత దూరాన్నించి జూసినాడమ్మా! నువ్వు ముందుండి గూడా సూళ్ళేదే!"

నేను తల దించుకున్నాను. ఏమని చెప్పను?

ఆయనే చెప్పాడు. ఆయన అబద్ధమాడలేడు కదా. "నాకా పక్క కనపడదు పెద్దమ్మా. పడవని నేను చూళ్ళా. మిమ్మల్ని జూసినా."

"మమ్మల్నా?"

"మీరంతా గట్టు మీద కూర్చోనుండారు. ఒక్కసారిగా గిన్నెలు పట్టుకోని లేచినారు. అందరి మొగాలూ ఒకే చోటికి తిరిగినాయి. స్టేజీలో జనం అట్నే లేస్తారు, బస్సు కనపడంగానే. ఏదో వస్తాందని అర్థమయింది. ఈమె సరిగ్గా ఆ చోటికే పోతాంది. పిలిస్తే గాలికి వినపళ్ళా."

కామమ్మ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వేం పని జేస్తావు నాయనా?"

నేను తల ఎత్తి ఆయన వంక చూశాను.

"డ్రైవర్ని" అన్నాడు.

ఇంకో మాట కలపలేదు. ఒకప్పుడని అనలేదు, ఇప్పుడు గేటు దగ్గరని అనలేదు. నాకు తెలిసి ఆయన జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళంతా చేపలు దించుకోవడానికి పోయాక, ఆయన నా సైకిలు హ్యాండిలు వంకర తీస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"నా నోరు పడిపోను. నిన్ను ఎంత మాటన్నాను అయ్యా! నన్ను క్షమించు" అన్నాను.

ఆయన ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, నా వైపు పూర్తిగా తిరిగాడు.

"నువ్వట్ట అరిస్తేనే నాకు బాగుండాది శేషా. ఎనిమిది నెలలుగా నువ్వు మెత్తగా మాట్లాడతాంటే, నేను నిజంగా గుడ్డోడినైపోయినానేమోనని భయమేసింది."

నేను ఏడుస్తూనే ఉన్నాను. ఏడుస్తూనే కోపమొచ్చింది. ఎనిమిది నెలల కోపం. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చు గదా? తడి తువ్వాలు తెచ్చి రోజూ నా మంచం మీద పడేస్తావా? కడుపులో పెట్టుకోని నేను చస్తాంటే గేటు కాడ కుర్చీలో కూర్చుంటావా, బెల్లం కొట్టిన రాయిలాగా?"

పడవ దగ్గర చిన్నపోలయ్య చేస్తున్న పని ఆపి మా వైపు చూశాడు. ఆడవాళ్ళు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, భుజాలు కదిలేట్టు.

"ఇంక పద, టైం దాటిపోయింది" అన్నాడు.

"ముందు నువ్వు పో" అన్నాను గట్టిగా. "నీ ఎనక నేనొస్తా."

ఆయన ఒక్క క్షణం సముద్రం వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు, తర్వాత గట్టు వైపు. సైకిలెక్కి, పడవల వెనకగా, మెత్తటి ఇసుకలో నెమ్మదిగా తొక్కుతూ ముందుకు పోయాడు. నేను మోచేతి నెత్తురు కొంగుతో తుడుచుకుని, ఆయన వెనకే తొక్కాను.